కోడి కాలు నుంచి స్పైనోసారస్ దాకా

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ప్రస్తుతం జీవశాస్త్ర ఉపాధ్యాయుడు)



వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమని మీ సంపాదక వర్గం అడిగినప్పుడు ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి నాకు గుర్తుకొచ్చింది మన మెస్‌లో కోడికూర పెట్టే రోజు. ఆ రోజు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడినప్పుడు అందరి చూపూ గరిటె మీదే ఉండేది. లెగ్ పీసు ఎవరి పళ్లెంలో పడుతుందా అని! పడినవాడు రాజు. మిగతావాళ్లు మెడ ముక్కతో సరిపెట్టుకునేవాళ్లం. ఆ లెగ్ పీసులో ఒక మంచి పాఠం ఉందని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

కోడి కాలులో మూడు భాగాలు ఉంటాయి. పైన ఒంటికి అతుక్కుని ఉండేది తొడ ఎముక. దాని కింద మనం లెగ్ పీసు అని పిలిచేది, అంటే మోకాలి కింది ఎముక. దాన్ని జాగ్రత్తగా చూస్తే పక్కనే సూదిలాంటి సన్నని పుల్ల ఒకటి అంటుకుని కనిపిస్తుంది. ఒకప్పుడు అది కూడా పూర్తి ఎముకే. పరిణామంలో సన్నబడి అలా మిగిలింది. ఇక మూడో భాగం పొలుసులున్న పసుపుపచ్చని కాలు, దాని చివర వేళ్లు. చాలామంది కోడికి మోకాలు వెనక్కి వంగుతుందని అనుకుంటారు. అది పొరపాటు. వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ! అసలు మోకాలు పైన ఈకల మాటున దాగి ఉంటుంది, మన మోకాలు లాగే ముందుకే వంగుతుంది. అంటే కోడి ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తోందన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టిరనోసారస్ కాలు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. తొడ ఎముక, మోకాలి కింది ఎముక, పైకి లేచిన మడమ, నేల మీద మూడు వేళ్లు. కాకపోతే పరిమాణం వేరు. టిరనోసారస్ తొడ ఎముక ఒక్కటే 1.3 మీటర్ల దాకా ఉంటుంది. అంటే ఆరో తరగతి పిల్లవాడంత ఎత్తు. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. రెండు కాళ్ల మీద నడిచే వేటాడే డైనోసార్లను శాస్త్రజ్ఞులు థెరోపాడ్లు అంటారు. పక్షులు పుట్టింది ఆ వర్గం నుంచే. కాబట్టి మన పళ్లెంలో పడే లెగ్ పీసు ఒక థెరోపాడ్ కాలు అంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

కాలి ఎముక ఏం చెబుతుంది?

శిలాజాల్లో పుర్రె దొరికితే అందరూ సంబరపడతారు. పత్రికల్లో బొమ్మ వేయడానికి పుర్రె బాగుంటుంది, పళ్లు కనిపిస్తాయి. కానీ జంతువు ఎలా బతికిందో తెలియాలంటే కాలి ఎముక చూడాలి. తొడ ఎముక తల లోపలికి తిరిగి తుంటి గూటిలో కూర్చుంటే కాళ్లు ఒంటి కింద నిటారుగా ఉంటాయి. డైనోసార్లన్నింటికీ అంతే. మొసలి అలా కాదు, సాధారణంగా కాళ్లు పక్కలకు చాపి పాకుతుంది. తొడ కంటే మోకాలి కింది భాగం బాగా పొడవైతే ఆ జంతువు పరుగుకు పుట్టినదని చెప్పవచ్చు. జింకలో, ఉష్ట్రపక్షిలో మనం చూసేది అదే. ఎముక మీద ఎత్తుగా గరుకుగా ఉన్న చోటు ఉందంటే అక్కడ పెద్ద కండరం అతుక్కుని ఉండేదని అర్థం. ఎముకను అడ్డంగా కోసి పలుచని ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు మానులో ఉన్నట్టు వలయాలు కనిపిస్తాయి. వాటిని బట్టి వయసు లెక్క కట్టవచ్చు.

ఇంకొకటి, ఎముక లోపల ఖాళీ. మేక నల్లి ఎముకను పళ్లెం మీద తట్టి మూలుగ పీల్చుకున్న అనుభవం మీకు ఉండే ఉంటుంది. ఆ మూలుగ ఉండే గొట్టం లాంటి చోటు థెరోపాడ్ల కాలి ఎముకల్లో మామూలుగా బాగా వెడల్పుగా ఉంటుంది. గోడ పలుచన, లోపల ఖాళీ. పెద్ద జంతువైనా బరువు తగ్గుతుంది. ఈ ఖాళీ సంగతి గుర్తుపెట్టుకోండి, మన కథ మలుపు తిరిగేది దీని దగ్గరే.

కాళ్లు లేని పెద్ద జంతువు

మన కథానాయకుడి పేరు స్పైనోసారస్. ఎర్నెస్ట్ స్ట్రోమర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈజిప్టులోని బహరియా ఒయాసిస్‌లో శిలాజాల కోసం వెతికించారు. ఆయన కోసం పనిచేసిన రిచర్డ్ మార్క్‌గ్రాఫ్‌కు 1912లో అక్కడ ఒక వింత జంతువు ఎముకలు దొరికాయి. కింది దవడ, పళ్లు, వెన్నుపూసలు ఉన్నాయి. వెన్నుపూసల మీద నిలువుగా లేచిన ముళ్లు 1.65 మీటర్ల దాకా ఉన్నాయి. వీపు మీద తెరచాప ఎత్తినట్టు ఉండేదన్నమాట. 1915లో స్ట్రోమర్ దీనికి స్పైనోసారస్ ఈజిప్టియాకస్ అని పేరు పెట్టారు. పళ్లు మిగతా వేటాడే డైనోసార్ల పళ్లలాగా రంపపు అంచుతో లేవు. మొసలి పళ్లలాగా కోసుగా, గుండ్రంగా ఉన్నాయి. కానీ కాళ్లు దొరకలేదు.

1934లో స్ట్రోమర్ అదే ప్రాంతం నుంచి వచ్చిన మరికొన్ని ఎముకలను వర్ణించారు. వాటిలో వెనక కాలి ఎముకలు ఉన్నాయి. వెన్నుపూసలతో పోల్చి చూస్తే ఆ కాళ్లు చాలా చిన్నవి. ఆయనకూ అది వింతగానే తోచింది. ఇది ఇంకో జాతి కావచ్చునని దానికి స్పైనోసారస్ బి అని గుర్తు పెట్టారు. తర్వాతి వారిలో కొందరు అవి వేర్వేరు జంతువుల ఎముకలు కలిసిపోయి ఉంటాయని అనుకున్నారు. నిజం ఏమిటో తేల్చుకోవాలంటే ఆ ఎముకలను మళ్లీ చూడాలి. కానీ ఆ అవకాశం లేకుండా పోయింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎముకలు మ్యూనిక్ నగరం నడిబొడ్డున మ్యూజియంలో ఉన్నాయి. బాంబులు పడకముందే వీటిని సురక్షిత ప్రదేశానికి తరలించండని స్ట్రోమర్ ప్రాధేయపడ్డారు. ఆయన నాజీలను విమర్శించే మనిషి. మ్యూజియం డైరెక్టర్ నాజీ పార్టీవాడు. మాట వినలేదు. 1944 ఏప్రిల్ 24 రాత్రి బ్రిటిష్ విమానాలు వేసిన బాంబులకు మ్యూజియం కాలిపోయింది. భూమిలో తొమ్మిదిన్నర కోట్ల సంవత్సరాలు చెక్కుచెదరకుండా ఉన్న ఎముకలు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. ఆ యుద్ధంలోనే స్ట్రోమర్ ఇద్దరు కొడుకులు చనిపోయారు. మిగిలినవి ఆయన రాసిన వ్యాసాలు, గీసిన బొమ్మలు, కొన్ని ఫోటోలు మాత్రమే. ఆయన 1952లో కన్నుమూశారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు స్పైనోసారస్ బొమ్మ గీయాలంటే కాళ్లు అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో 1983లో దొరికిన బారియోనిక్స్, నైజర్ దేశంలో దొరికి 1998లో పేరు పెట్టిన సుకోమైమస్ దీనికి దగ్గరి బంధువులు. బంధువుల కాళ్లు తెచ్చి దీనికి అతికించారు. 2001లో వచ్చిన జురాసిక్ పార్క్ మూడో భాగం సినిమా చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందులో స్పైనోసారస్ పొడవాటి కాళ్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చి టిరనోసారస్ మెడ విరుస్తుంది. హాల్లో ఈలలే ఈలలు! కానీ అందులో కాళ్లు మాత్రం ఊహే.

అట్టపెట్టెలో ఎముకలు

2008లో నిజార్ ఇబ్రహీం అనే యువ పరిశోధకుడు మొరాకో దేశంలో ఎర్ఫూద్ అనే పట్టణానికి వెళ్లారు. అది సహారా ఎడారి అంచున ఉంటుంది. దాని దగ్గర్లోని కెమ్ కెమ్ అనే రాతి పొరల్లో శిలాజాలు విరివిగా దొరుకుతాయి. అక్కడి జనంలో చాలామంది ఎండలో, ఇరుకు సొరంగాల్లో పాకుతూ శిలాజాలు తవ్వి వ్యాపారులకు అమ్ముకుని బతుకుతారు. తెల్లని దుస్తులు, మీసాలు ఉన్న ఒకాయన అట్టపెట్టెలో కొన్ని ఎముకలు తెచ్చి ఇబ్రహీంకు చూపించారు. అందులో ఒక ఎముక బద్దలాగా ఉంది. విరిగిన చోట మధ్యలో ఎర్రని గీత ఉంది. అదేమిటో అప్పుడు అర్థం కాలేదు. ఆయన పేరూ ఊరూ ఇబ్రహీం రాసుకోలేదు.

మరుసటి సంవత్సరం ఇటలీలోని మిలాన్ మ్యూజియం శాస్త్రజ్ఞులు తమ దగ్గరకు వచ్చిన కొన్ని ఎముకలు ఆయనకు చూపించారు. పొడవాటి వెన్నుముళ్లు, కాలి ఎముకలు. స్పైనోసారస్‌వే అనడంలో సందేహం లేదు. ముల్లు విరిగిన చోట చూస్తే అదే ఎర్రని గీత! అట్టపెట్టెలోని ముక్క, ఈ ఎముకలు ఒకే జంతువువి కావచ్చునని ఇబ్రహీంకు తట్టింది. కానీ ఎక్కడ తవ్వారో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఎక్కడ దొరికిందో తెలియని ఎముక విలువ సగానికి సగం పడిపోతుంది. ఏ పొరలో ఉంది, పక్కన ఏ చేపలు, ఏ మొక్కలు ఉన్నాయి, ఒకే జంతువువా, రెండింటివా అన్నది చోటు తెలిస్తేనే తెలుస్తుంది. అడ్రసు లేని ఉత్తరం లాంటిది అది. ఎంత గొప్ప సంగతి రాసి ఉన్నా ఎవరు ఎవరికి రాశారో తెలియదు.

2013లో ఇబ్రహీం మరో ఇద్దరు శాస్త్రజ్ఞులతో కలిసి మళ్లీ ఎర్ఫూద్ వెళ్లారు. ఆ మీసాలాయన కోసం వెతికారు. దొరకలేదు. చివరికి ఆశ వదులుకుని ఒక హోటల్లో కూర్చుని టీ తాగుతుంటే ఎదురుగా తెల్లని దుస్తుల్లో ఒకాయన నడిచి వెళ్లారు. ఆయనే! ఇబ్రహీం లేచి పరుగెత్తారు. మొదట కొంచెం వెనకాడినా, ఆయన తాను తవ్విన చోటికి వాళ్లను తీసుకెళ్లి చూపించారు. అక్కడ ఇంకా ఎముకల ముక్కలు ఉన్నాయి. ఆయన శాస్త్రజ్ఞుడు కాదు, రాళ్లు తవ్వి బతికే మనిషి. కానీ దారి తెలిసింది ఆయనకే. నా దృష్టిలో ఈ కథలో అందరికంటే ముఖ్యమైన మనిషి ఆయనే.

పొట్టి కాళ్లు, నిండు ఎముకలు

2014 సెప్టెంబరులో సైన్స్ పత్రికలో ఈ పరిశోధన అచ్చయింది. చదివినవాళ్లు నివ్వెరపోయారు. అంత పెద్ద జంతువుకు వెనక కాళ్లు అంత పొట్టిగా ఉంటాయని ఎక్కువమంది ఊహించలేదు. తొడ ఎముక మోకాలి కింది ఎముక కంటే పొట్టి. అలా ఉంటే పరుగుకు పుట్టినదని పైన చెప్పాను కదా, మరి ఇది పరుగెత్తేదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కానీ ఇక్కడ కాలు మొత్తమే పొట్టిది, తొడ ఎముక మోటుగా ఉంది. అందుకే రెండు ఎముకల నిష్పత్తి ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఒంటి పొడవుతో కూడా పోల్చాలి.

తొడ ఎముక వెనక వైపున తోక మొదట్లోంచి వచ్చే కండరం అతుక్కునే గరుకు భాగం ఉంటుంది. స్పైనోసారస్‌లో అది చాలా పెద్దది. కాలును వెనక్కి బలంగా లాగే కండరం అది. ఈతలో మనం కాళ్లతో నీటిని వెనక్కి తన్నినట్టు తన్నడానికి పనికొస్తుందని పరిశోధకులు అన్నారు. తొలినాటి తిమింగలాలకు, అంటే ఇంకా కాళ్లు పోని రోజుల్లో వాటికి, ఇలాగే పొట్టి బలమైన తొడ ఎముక ఉండేదని పోలిక చూపించారు. పాదం కూడా వేరుగా ఉంది. మామూలు థెరోపాడ్లలో లోపలి వైపు వేలు చిన్నదిగా ఉండి నేలకు అందదు. మన కోడిపుంజు కాలి వెనక వేలును చూడండి, అది ఆ వేలే. స్పైనోసారస్‌లో అది పొడవుగా ఉండి నేలకు ఆనుతుంది. గోళ్లు గద్ద గోళ్లలాగా వంకర తిరిగి లేవు, వెడల్పుగా, అడుగున చదునుగా ఉన్నాయి. బురదలో దిగబడకుండా నడవడానికి అది అనుకూలం. బాతుకున్నట్టు వేళ్ల మధ్య చర్మం ఉండేదేమో అని కూడా వాళ్లు ఊహించారు. చర్మం శిలాజంగా మిగలలేదు కాబట్టి అది ఊహ వరకే.

అన్నింటికంటే ఆశ్చర్యం ఎముకను కోసి చూసినప్పుడు. మూలుగ ఉండాల్సిన ఖాళీ దాదాపు లేదు! లోపలంతా గట్టి ఎముకే. మిగతా థెరోపాడ్ల కంటే ఈ కాలి ఎముకల సాంద్రత 30 నుంచి 40 శాతం ఎక్కువని లెక్క కట్టారు. ఎందుకు? మన ఊరి చెరువులో చేపలు పట్టేవాళ్ల వల చూడండి. అంచున సీసపు గుళ్లు కడతారు, వల మునగడానికి. ఖాళీ బిందె తేలుతుంది, నిండు బిందె మునుగుతుంది. నీళ్లలో మునిగి తిరిగే జంతువులకు ఊపిరితిత్తుల్లోని గాలి పైకి నెడుతూ ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి బరువైన ఎముకలు ఉపయోగపడతాయి. పెంగ్విన్ పక్షే అయినా ఎగిరే పక్షులకున్నంత బోలు ఎముకలు దానికి లేవు. స్పైనోసారస్ కూడా నీళ్లలో చేపలు పట్టుకుని బతికిన డైనోసార్ అని, నేల మీద నాలుగు కాళ్లతో నడిచి ఉంటుందని ఆ వ్యాసం చెప్పింది. అప్పటికి తెలిసిన వేటాడే పెద్ద డైనోసార్లన్నీ రెండు కాళ్ల మీద నడిచేవే. అందుకే అంత సంచలనం.

అందరూ ఒప్పుకున్నారా?

లేదు. వెంటనే ప్రశ్నలు మొదలయ్యాయి. మొదటి ప్రశ్న స్ట్రోమర్ నాటిదే. ఈ కాళ్లు, ఈ వెన్నుపూసలు ఒకే జంతువువి అని గ్యారంటీ ఏమిటి? చిన్న జంతువు కాళ్లు, పెద్ద జంతువు వెన్ను కలిసిపోలేదు కదా?

ఈ అనుమానం అర్థం చేసుకోవడానికి మనం హైదరాబాద్ వెళ్లాలి. బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం మీలో కొందరు ఎక్స్‌కర్షన్‌లో చూసే ఉంటారు. అది మన గోదావరి లోయలో యామన్‌పల్లి గ్రామం దగ్గర దొరికిన శాకాహార డైనోసార్. అక్కడ కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి. ఒకదాని కాలు, ఇంకొకదాని వెన్ను తీసుకుని సరిపోయేలా కూర్చాలి. తప్పేమీ కాదు, వేరే దారి లేదు. కానీ అలా కూర్చిన జంతువు కాలు ఇంత, ఒళ్లు ఇంత అని కచ్చితంగా కొలత చెప్పాలంటే జాగ్రత్త పడాలి.

మొరాకోలో ఈ చిక్కును విప్పడానికి ఒకటే మార్గం, మళ్లీ తవ్వడం. ఇబ్రహీం బృందం 2018లో అదే గుట్టకు వెళ్లి రాతిని తొలిచింది. ఫలితం 2020లో నేచర్ పత్రికలో వచ్చింది. అదే చోట తోక దాదాపు పూర్తిగా దొరికింది, పాదం ఎముకలు ఇంకొన్ని దొరికాయి. దొరికినవాటిలో ఏ ఎముకా రెండుసార్లు రాలేదు. రెండు ఎడమ తొడ ఎముకలు దొరికితే రెండు జంతువులని చెప్పవచ్చు. అలాంటిది ఒక్కటీ లేదు. పరిమాణాలూ సరిపోయాయి. కాబట్టి అది ఒకే జంతువు, ఇంకా పూర్తిగా ఎదగనిది. పొట్టి కాళ్లు దానివే. ఎనభై ఏళ్ల కిందట స్ట్రోమర్ చూసి ఆశ్చర్యపోయిన పొట్టి కాళ్లు ఆయన పొరపాటు కాకపోవచ్చునని అప్పుడు చాలామందికి అనిపించింది.

తోక మీద కూడా పైకీ కిందికీ పొడవాటి ముళ్లు ఉన్నాయి. మొత్తం కలిపి చూస్తే తెడ్డులాంటి తోక. దాని ఆకారంలో ప్లాస్టిక్ తోక చేసి, నీటి తొట్టిలో యంత్రానికి బిగించి ఆడించి చూశారు. మామూలు థెరోపాడ్ల తోక కంటే అది నీటిని బాగా వెనక్కి నెట్టింది.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది, కానీ అవలేదు. కెనడాకు చెందిన డొనాల్డ్ హెండర్సన్ అంతకుముందే, 2018లో, కంప్యూటరులో స్పైనోసారస్ నమూనా తయారు చేసి నీళ్లలో పెట్టి చూశారు. అది మునగలేదు. పైగా పక్కకు ఒరిగిపోయే స్వభావం కనిపించింది. బరువు కేంద్రం తుంటికి దగ్గరగానే ఉందని, కాబట్టి రెండు కాళ్ల మీద నడవగలదని ఆయన చెప్పారు. 2022 మార్చిలో మాటెయో ఫాబ్రి, ఇబ్రహీం, మరికొందరు దాదాపు 250 జాతుల జంతువుల ఎముకల సాంద్రత పోల్చి, స్పైనోసారస్, బారియోనిక్స్ నీళ్లలో మునిగి వేటాడేవని వాదించారు. ఆశ్చర్యమేమంటే దగ్గరి చుట్టమైన సుకోమైమస్ ఎముకలు మాత్రం బోలుగానే ఉన్నాయి. అదే సంవత్సరం నవంబరులో పాల్ సెరెనో బృందం పూర్తిగా భిన్నమైన మాట చెప్పింది. స్పైనోసారస్ రెండు కాళ్ల మీదే నడిచేది, ఈదితే నీటి పైన సెకనుకు ఒక మీటరు కంటే తక్కువ వేగంతో ఈదేది, మునిగి చేపలను తరిమేది కాదు, ఒడ్డున లోతు తక్కువ నీళ్లలో నిలబడి పట్టేది అని. అంటే మన చెరువు గట్టున నిలబడే కొంగ లాగా అనుకోండి, కాకపోతే ఈ కొంగ కాళ్లు పొట్టివి! 2014లో పొడవు 15 మీటర్లకు పైనే అన్నారు, ఈ బృందం 14 మీటర్లకు లోపలే అంది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఈ పాల్ సెరెనో ఎవరో కాదు, 2014 వ్యాసం రాసినవారిలో ఒకరు. నేథన్ మిర్‌వోల్డ్ కూడా అంతే. 2014లో ఒక మాట మీద పేరు పెట్టినవాళ్లు ఎనిమిదేళ్ల తర్వాత అదే మాట సరికాదని పేరు పెట్టి రాశారు. 2024లో మిర్‌వోల్డ్, మరికొందరు కలిసి ఎముక సాంద్రతతో లెక్క కట్టిన పద్ధతిలోనే లోపాలున్నాయని ఇంకో వ్యాసం రాశారు. మన హాస్టల్లో క్యారమ్స్ ఆటలో ఒప్పుకోవడమే కష్టం, ప్రపంచం చదివే పత్రికలో ఒప్పుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

వాళ్ల అభ్యంతరం సులువుగా చెప్పాలంటే ఇదీ. ఎముక నిండుగా ఉండటానికి నీళ్లే కారణం కానవసరం లేదు. ఏనుగు కాలి ఎముకల లోపల కూడా ఖాళీ గొట్టం ఉండదు, అది బరువు మోయడానికి. పొట్టి కాళ్ల మీద టన్నుల కొద్దీ ఒళ్లు మోయాల్సిన స్పైనోసారస్‌కూ అదే కారణం కావచ్చు కదా? కాబట్టి తమ్ముళ్లూ, రెండు మాటలు విడివిడిగా గుర్తుపెట్టుకోండి. కాళ్లు పొట్టివి, ఎముకలు నిండుగా ఉన్నాయి, పాదం చదునుగా ఉంది అన్నది కొలిచి చూసిన సంగతి. అది మునిగి ఈదిందా, ఒడ్డున నిలబడిందా అన్నది దాన్నుంచి తీసిన ఊహ. పరీక్షలో ఎవరైనా అడిగితే నేనైతే ఇలా రాస్తాను: స్పైనోసారస్ నీటి దగ్గర చేపలు పట్టి బతికింది అన్నదాంట్లో తగవు లేదు, ఎంత లోతులో అన్నదాని దగ్గరే తగవు.

మన గోదావరి లోయ

ఇదంతా మొరాకో, ఈజిప్టు సంగతి, మనకేమిటి అనుకోకండి. ప్రాణహిత, గోదావరి నదుల లోయలో డైనోసార్ల ఎముకలు దొరికే పొరలు ఉన్నాయి. అక్కడ దొరికిన ఒక శాకాహార డైనోసార్ తొడ ఎముక 1.7 మీటర్ల పొడవు. అది చూసి దానికి పెద్ద కాలు అనే అర్థం వచ్చేలా బారాపాసారస్ అని పేరు పెట్టారు. 1975లో పేరు పెట్టినప్పుడు రవీంద్రనాథ్ టాగూర్ పేరు కూడా చేర్చారు. వేటాడే డైనోసార్ కూడా ఉంది. మలేరి పొరల్లో దొరికిన ఎముకలను పరిశీలించి 2025లో మలేరిరాప్టర్ కుట్టీ అని పేరు పెట్టారు. సుమారు 22 కోట్ల సంవత్సరాల కిందటిది, అంటే స్పైనోసారస్ కంటే రెండు రెట్లకు పైగా పాతది. దీని పేరులోని కుట్టీ ఆ లోయలో ఏళ్ల తరబడి తిరిగి శిలాజాలు సేకరించిన శాస్త్రజ్ఞుడు టి.ఎస్. కుట్టి. ఆ వైపు ఊళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లు మన హాస్టల్లో ఉంటే సెలవులకు వెళ్లినప్పుడు వాగుల గట్లు కాస్త గమనించండి. ఏదైనా వింత రాయి కనిపిస్తే మాత్రం పెకలించి సంచిలో వేసుకోకండి. చోటు గుర్తుపెట్టుకుని మీ సైన్సు మాస్టారుకు చెప్పండి. ఎందుకో ఇప్పటికే మీకు తెలుసు.

మీరే చేసి చూడండి

ఈసారి కోడికూర పెట్టిన రోజు ఎవరి పళ్లెంలోనైనా తొడ, లెగ్ పీసు రెండూ పడితే తిన్న తర్వాత ఎముకలు పారేయవద్దని చెప్పండి. వంట మనిషిని అడిగి వేడి నీళ్లు తీసుకుని, అందులో నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది ఎండబెట్టండి. స్కేలుతో తొడ ఎముక, మోకాలి కింది ఎముక పొడవులు కొలిచి నోట్సులో రాయండి. ఏది పొడవు? ఎన్ని రెట్లు? సూదిలాంటి పుల్ల ఎక్కడి దాకా వచ్చింది? తర్వాత ఎముకను మధ్యలో విరిచి లోపలి ఖాళీ ఎంత వెడల్పుందో, గోడ ఎంత మందముందో చూడండి. మేక ఎముక దొరికితే పక్కన పెట్టి పోల్చండి. అయ్యాక రెండు ఎముకలకూ దారంతో చిన్న చీటీ కట్టి, దాని మీద ఏ జంతువు, ఏ కాలు, ఏ తేదీ, ఎక్కడ దొరికిందో రాయండి. ఎక్కడ అన్నచోట మన హాస్టల్ మెస్ అని రాస్తే చాలు.